చెదరగొట్టిన చుక్కలు

(పద్నాలుగో భాగం)

ఇసకపేటలో ఏడాదిన్నరగా కామెర్లతో మనుషులు పోతున్నారు. పక్కనున్న రొయ్యల ప్లాంటు మురుగు తమ మంచినీళ్ళ చెరువులో కలుస్తోందని పేటవాళ్ళు మొత్తుకున్నారు. నిజం తేల్చే పని ఒక సర్వే సంస్థకు అప్పజెబితే, ‘అల్లవరం మండలంలో ఈ జబ్బు ఏ ఒక్కచోటా గుమిగూడి లేదు’ అని ఆ సంస్థ రిపోర్టు ఇచ్చింది. ఆ పేటలో పుట్టి అమలాపురం కాలేజీలో లెక్కలు చెబుతున్న మెర్సీ, అదే జబ్బుకి తమ్ముడు శామ్యూల్‌ని పోగొట్టుకుంది. పట్టుబట్టి రిపోర్టు మీద ఆర్డీవో ఆఫీసులో విచారణ పెట్టించింది. భర్తను పోగొట్టుకున్న అచ్చాయమ్మను వెంటబెట్టుకుని ఆ హాలు గుమ్మం దాకా రావడం పోయినవారం చదివారు.

తలుపు తీసేసరికి ఎదురుగా తెర మీద కోనసీమ వెలుగుతోంది.

గోదావరి పాయలు నీలంగా, ఊళ్ళు లేతాకుపచ్చ గళ్ళుగా ఉన్నాయి. వాటి మీద ఎర్రటి చుక్కలు, అక్షింతలు చల్లినట్టు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎక్కడా నాలుగు చుక్కలు ఒకచోట చేరలేదు. మెర్సీ కుర్చీ దాకా వెళ్ళలేకపోయింది. ఒక్కో చుక్కా ఒక రోగి. అందులో ఒకటి అచ్చాయమ్మ భర్త. ఏదో తెలియదు.

“రండమ్మా, కూర్చోండి,” అన్నారు ఆర్డీవో.

ఆయనకు కుడిపక్క సర్వే సంస్థ పెద్ద డాక్టర్ కాశీవిశ్వనాథం కూర్చున్నారు. యూనివర్సిటీలో రిటైరైన మనిషి. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. పక్కనే ల్యాప్‌టాప్ ముందు రమ్యశ్రీ ఉంది. ఆ మ్యాపు గీసిన సాఫ్ట్‌వేర్ నడిపేది ఆమే. ఎడమపక్క ప్లాంటు యజమాని నాగేంద్రబాబు, అందరికంటే ముందు వచ్చి కూర్చున్నట్టున్నాడు. కాఫీ కప్పు ఖాళీ అయిపోయింది.

“ఆయ్, మెర్సీ గారూ, బావున్నారా అండి. తమ్ముడుగారి సంగతి విన్నానండి. చాలా బాధపడ్డానండి,” అన్నాడు.

మెర్సీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“బాధపడితే ఆ మురుగు తూము మూయించొచ్చు కదండి,” అంది అచ్చాయమ్మ, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని కూర్చుంటూ.

నాగేంద్రబాబు నవ్వి ఊరుకున్నాడు. కాశీవిశ్వనాథం గొంతు సవరించుకున్నారు.

“మేము చేసిందేమిటో మొదట చెబుతాను. ఆసుపత్రుల నుంచి మాకొచ్చిన వివరాల్లో రోగి ఇల్లు ఎక్కడో ఉండదు. వయసు, ఆడా మగా, ఆసుపత్రిలో చేరిన నెల, పిన్‌కోడ్. అంతే. ఒక్కో పిన్‌కోడ్ కింద, దాని చుట్టుపక్కలా చాలా ఊళ్ళుంటాయి కదా. ఏ ఊరి మనిషో తెలియనప్పుడు మా సాఫ్ట్‌వేర్ ఆ దగ్గరి ఊళ్ళలో ఒకదానికి ఆ కేసుని కేటాయిస్తుంది.”

“ఏ ఊరికి?” అడిగారు ఆర్డీవో.

“ఏదో ఒక ఊరికి. యాదృచ్ఛికంగా.”

“అంటే?”

“చీటీలు తీసినట్టండి,” అంది మెర్సీ.

కాశీవిశ్వనాథం మొహం బిగుసుకుంది. “అంత మోటుగా చెప్పక్కర్లేదమ్మా. అన్ని దేశాల్లోనూ వాడే పద్ధతి ఇది. నువ్వూ లెక్కలు చదువుకున్నదానివే.”

“పద్ధతి తప్పని నేననలేదు సార్. జిల్లా మొత్తం మీద జబ్బు ఎంతుందో చూసుకోడానికి పనికొస్తుంది. ఒకటి అటు పడ్డా ఒకటి ఇటు పడ్డా మొత్తం మారదు. కానీ మిమ్మల్ని అడిగింది అది కాదు. జబ్బు ఒకచోట గుమిగూడిందా లేదా అని అడిగేరు. మీరు మీ చేత్తో వాటిని చెదరగొట్టి, ‘ఇదిగో, చెదిరే ఉన్నాయి’ అని రాసిచ్చేరు.”

ఆర్డీవో తెర వైపు తిరిగి కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

“నాకో సంగతి చెప్పండి బాబూ,” అంది అచ్చాయమ్మ. “ఇందులో మా ఆయన ఎక్కడున్నాడండి?”

“అలా ఒక్కొక్కరినీ చూసేది కాదమ్మా ఇది,” అన్నారు కాశీవిశ్వనాథం.

“చూడ్డానికి వీలవుతుందా, అవదా?” ఆర్డీవో రమ్యశ్రీని అడిగారు.

ఆమె ఒకసారి తన పెద్దాయన వైపు చూసింది. “వయసూ నెలా చెబితే వీలవుతుందండి.”

“యాభై నాలుగేళ్ళండి. మట్టల ఆదివారం వెళ్ళిన వారంలో ఆసుపత్రిలో చేర్చేం,” అంది అచ్చాయమ్మ.

“ఏప్రిల్,” అంది మెర్సీ.

రమ్యశ్రీ వెతికింది. చుక్కలన్నీ మసకబారి ఒక్కటి మాత్రం మెరిసింది. “ఆ వయసు మగవాళ్ళు ఆ నెలలో ఒక్కరే ఉన్నారండి. ఇదిగో, బోడసకుర్రు.”

“బోడసకుర్రా?” అచ్చాయమ్మ లేచి నిలబడింది. “రేవు దాటడానికి తప్ప ఆ ఊళ్ళో ఒక్కపూట ఉన్న మనిషి కాదండి ఆయన.”

“ఇంకోసారి నడపండి,” అంది మెర్సీ.

“అవసరం లేదు. రిపోర్టులో ఉన్న మ్యాపు ఇదే,” అన్నారు కాశీవిశ్వనాథం.

“నడపండమ్మా,” అన్నారు ఆర్డీవో.

తెర ఒక్క క్షణం తెల్లబడింది. చుక్కలన్నీ మాయమై మళ్ళీ వచ్చి వాలాయి, వేరే చోట్ల. మెరిసే చుక్క ఈసారి దేవగుప్తంలో ఉంది.

“మళ్ళీ.”

సామంతకుర్రు.

“మళ్ళీ నడపండి.”

కొమరగిరిపట్నం.

అచ్చాయమ్మ మెల్లగా తెర దగ్గరికి నడిచింది. ప్రొజెక్టర్ వెలుగు ఆమె మీద పడి, ఊళ్ళూ కాలవలూ ఆమె తెల్లచీర మీదికి వచ్చాయి. మెరిసే చుక్కకి వేలు ఆనించింది. తడిమి చూసింది. ఇటు తిరిగేసరికి కళ్ళల్లో చుక్క నీరు లేదు.

“బతికున్నన్నాళ్ళూ కూలి కోసం ఊరూరా తిరిగేడండి. చచ్చేక కూడా తిప్పుతున్నారా?”

కాశీవిశ్వనాథం కిందికి చూశారు.

“నొక్కమ్మా,” అంది అచ్చాయమ్మ రమ్యశ్రీతో. “నొక్కుతా ఉండు. మా ఇసకపేటకి ఎప్పుడొస్తాడో చూసే కూర్చుంటాను.”

రమ్యశ్రీ చెయ్యి మౌస్ మీదే ఉంది, కానీ కదల్లేదు.

“నొక్కవేం?”

“రారండీ,” అంది రమ్యశ్రీ.

“ఎంచేత?”

“ఇసకపేట ఇందులో లేదండి,” అంది ఆమె. “రెవెన్యూ గ్రామాలు మాత్రమే ఎక్కించేమండి. మీ పేట గోడిలంక కింద వస్తుంది. విడిగా దానికి గడి లేదు. ఎన్నిసార్లు నడిపినా మీ పేట పేరు మీద చుక్క పడదండి.”

మెర్సీకి ఆ పద్ధతి గురించి తెలుసు. ఈ సంగతి తెలియదు. తెర మీద కాలవ వంపు తిరిగే చోట, తాను పుట్టిన ఇల్లు ఉండాల్సిన చోట, గోడిలంక అన్న అక్షరాల్లో చివరి అక్షరం తోక ఉంది. అంతే. ప్రార్థన మందిరం లేదు, చెరువు లేదు, శామ్యూల్ ఆటో నిలబెట్టుకునే కొబ్బరితోపు లేదు. పొద్దున్నించీ పళ్ళ బిగువున పట్టి ఉంచిన కోపం ఒక్కసారిగా కట్ట తెగింది.

“ఓట్లప్పుడు ఇసకపేట కనబడుద్ది సార్ అందరికీ! వరద వస్తే పునరావాసం ఫొటోలకి కనబడుద్ది! ప్లాంటుకి కూలీలు కావాల్సొస్తే తెల్లారేసరికి వ్యాను సరాసరి పేట మధ్యకొచ్చి ఆగుద్ది, దారి అడగరు! చచ్చిపోతున్నాం మొర్రో అన్నప్పుడు మాత్రం మాకు గడి లేదా?”

“అమ్మా, ఆవేశపడకు...” అన్నారు కాశీవిశ్వనాథం.

“పడతాను. మీరు ఒక్కసారి మా పేటకి వచ్చేరా సార్? అల్లవరం నుంచి ఎంత దూరం? ఇంటింటికీ వచ్చి ఎవరు పోయేరని అడిగితే చెప్పకపోదుమా? ఏ ఇంట్లో ఎవరికి ఎప్పుడు కళ్ళు పచ్చబడ్డాయో మా పిల్లలు కూడా చెబుతారు.”

“ఇళ్ళకి వెళ్ళడం మా పనిలో లేదమ్మా. మాకిచ్చిన వివరాలతో చెయ్యమన్నారు.”

“మరి తీర్పు చెప్పడం మీ పనిలో ఎలా వచ్చింది? మాకు తెలియదు అని రాయొచ్చు కదండి. ‘ఈ వివరాలతో ఈ పేట సంగతి తేల్చలేం’ అని ఒక్క వాక్యం. దాని బదులు జబ్బు ఎక్కడా గుమిగూడి లేదని రాసేరు. దాన్ని చూపించి మా పేటకి మంచినీళ్ళ కోసం వేస్తున్న కుళాయి గొట్టాల పని ఆపేసేరు. ఆ పని ఆగేకే మా తమ్ముడు పోయేడు. వాడికి ఇరవై ఆరేళ్ళు సార్. ఆఖర్న నన్ను కూడా గుర్తుపట్టలేదు.”

ఆమె చెయ్యి బల్లని తాకింది. రమ్యశ్రీ ఉలిక్కిపడింది. వేలు మౌస్ మీద నొక్కుకుపోయినట్టుంది, తెర మళ్ళీ తెల్లబడింది.

చుక్కలు వాలాయి. ఈసారి గోడిలంక గడి నిండిపోయింది. కేసులు గుమిగూడిన గడిని పట్టి చూపించే ఆ సాఫ్ట్‌వేర్ దానికదే గడినంతా ఎర్రరంగుతో నింపేసింది.

నాగేంద్రబాబు కుర్చీలోంచి లేచాడు. “ఇదేంటండి? ఇది తప్పు కదండి. డాక్టరుగారూ, మీరు చెప్పండి.”

“ఒక్కోసారి అలా వస్తుంది. చీటీలు... అదే, యాదృచ్ఛికం అన్నాక అలా జరుగుతుంది,” అన్నారు కాశీవిశ్వనాథం.

“ఒక్కోసారి కాదు సార్,” అంది రమ్యశ్రీ.

అందరూ ఆమెవైపు తిరిగారు. ఆమె ల్యాప్‌టాప్ వైపే చూస్తూ మాట్లాడింది. “రిపోర్టుకి ముందు నడిపినప్పుడు కూడా గోడిలంక ఎర్రబడిందండి. మొదట వచ్చిన మ్యాపు అదే. సారుకి చూపించేను. పొరపాటున వచ్చుంటుంది, మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ అలాగే వచ్చింది. ఎర్ర లేకుండా వచ్చేదాకా వేసి, వచ్చింది రిపోర్టులో పెట్టేం.”

“అది శాస్త్రీయంగా...” కాశీవిశ్వనాథం ఆగారు.

“ఎర్రగా వస్తే పొరపాటు, రాకపోతే శాస్త్రమా అండి?” అంది మెర్సీ.

పెద్దాయన జేబులో పెన్నులు సర్దుకున్నారు. వయసు ఒక్కసారిగా మీద పడినట్టు కనిపించారు. “నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు,” అన్నారు, ఎవరూ అడగకుండానే.

“తీసుకున్నారని నేననలేదు సార్. తీసుకునుంటే ఈయన్ని తిట్టుకుని ఊరుకుందును.” నాగేంద్రబాబు వైపు చూపించింది. “మీకు మా పేట మీద కోపం లేదు, ఈయన మీద ప్రేమ లేదు. ఎర్రరంగు ఉంటే పదిమందికి జవాబు చెప్పుకోవాలి, లేకపోతే అక్కర్లేదు. అందుకు చేసేరు. దానికి నేను మిమ్మల్ని జన్మలో క్షమించను.”

ఎప్పుడూ ఎవరితోనూ అలా మాట్లాడి ఎరగదు మెర్సీ. స్టాఫ్ రూములో ఎవరైనా తన కుర్చీలో కూర్చుంటే నిలబడే ఉండే మనిషి. మాట్లాడాక గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. ఇంకా మండుతూనే ఉంది.

ఆర్డీవో కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. తర్వాత గుమాస్తాని పిలిచి అందరూ వినేలా చెప్పారు. “ఈ రిపోర్టు పక్కన పెట్టేస్తున్నాను. రేపు పొద్దున్న ఆరోగ్యశాఖ వాళ్ళు ఇసకపేటలో ఇంటింటికీ వెళ్ళాలి. చెరువు నీళ్ళు నా ఎదురుగా సీసాల్లో పట్టాలి. నేనూ వస్తాను. అంతవరకు ఆ చెరువు దగ్గర ఎవరూ ఏమీ చెయ్యడానికి లేదు. నాగేంద్రబాబు గారూ, విన్నారు కదా?”

“ఆయ్, తప్పకుండానండి. మీ మాట జవదాటుతామా అండి. ఒక్క ఫోన్ చేసుకొస్తానండి,” అంటూ అతను వరండాలోకి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు మొదటి నవ్వే మళ్ళీ మొహం మీద ఉంది.

బయటికొచ్చాక అచ్చాయమ్మ మెట్ల మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, “ఎర్రగా అయిపోయింది చూసేవా అమ్మాయ్, మొత్తం ఎర్రగా,” అంది. అప్పుడు ఏడ్చింది. మెర్సీ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. ఎదురు రోడ్డులో కొబ్బరికాయల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ ముందుకి కదలలేక నిలబడింది.

మెర్సీ సెల్ మోగింది. ఇసకపేట నుంచి పైడమ్మ. శామ్యూల్ ఇంటికి ఎదురింటావిడ. ఫోనులో మాట్లాడ్డం అలవాటు లేక ఎప్పుడూ అరుస్తుంది. ఇవాళ ఆ అరుపు వేరుగా ఉంది.

“మెర్సీ! మెర్సీ! ట్రాక్టర్లు వచ్చేయే! చెరువు పూడ్చేస్తన్నారే!”

“ఎవరు? ఎవరు పూడుస్తున్నారు పిన్నీ?”

జవాబు రాలేదు. ఇంజన్ల మోత, ఆడవాళ్ళ కేకలు వినబడ్డాయి. లైను తెగిపోయింది.

మెర్సీ వెనక్కి పరుగెత్తింది. ఆర్డీవో జీపు అప్పుడే గేటు దాటి వెళ్ళిపోయిందని గుమాస్తా చెప్పాడు, కాకినాడ మీటింగుకి. ఆయన సెల్‌కి కొడితే అందుబాటులో లేదంది. “నేను మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంటానండి, పోలీసులకి కూడా చెబుతాను. మీరు వెళ్ళండి,” అన్నాడతను. దొరికిన మొదటి ఆటో ఎక్కి ఇద్దరూ ఇసకపేట బయల్దేరారు. దారంతా మెర్సీకి ఒకటే ఆలోచన. రేపు పొద్దున్నకి ఆ చెరువు చెరువుగా ఉండదు. సీసాల్లో పట్టడానికి నీళ్ళుండవు. మళ్ళీ ఎవరో ఒక పెద్దమనిషి, ‘ఆధారం ఏమీ లేదు’ అని రాస్తాడు.

ఆటో కాలవ గట్టు దిగేసరికి మూడు ట్రాక్టర్లు కనబడ్డాయి. చెరువు ఉత్తరపు ఒడ్డు అప్పటికే తెల్లటి ఇసుక దిబ్బయి ఉంది. మురుగు తూము నోరున్న వైపు. అక్కడినుంచే మొదలుపెట్టారు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని గట్టు మీద నిలబడి శాపనార్థాలు పెడుతున్నారు. ఒక ట్రాక్టర్ తొట్టి వెనక్కి తిరిగి నీటి అంచున ఆగి ఉంది. తొట్టి పక్క రేకు మీద రొయ్యల ప్లాంటు పేరు.

ఆ ట్రాక్టర్ పక్కన నిలబడి, డ్రైవరుకి చేత్తో దారి చూపిస్తున్న మనిషిని చూసి మెర్సీ ఆగిపోయింది.

మత్తయి. అమ్మకి సొంత తమ్ముడు. ఈ పేట వార్డు మెంబరు. చెరువు మీద మొదటి అర్జీ పెట్టింది ఆయన. శామ్యూల్ శవపెట్టెకి ముందు భుజం ఇచ్చింది ఆయన.

“మావయ్యా!”

మత్తయి తల తిప్పాడు. కళ్ళు కలపలేదు. “నువ్వు ఇంట్లోకెళ్ళమ్మా.”

“ఏం చేస్తున్నావు మావయ్యా? రేపు పొద్దున్న వచ్చి నీళ్ళు పడతామన్నారు! అంతవరకు చెరువు ముట్టుకోవద్దని ఆర్డీవో గారు అందరి ముందూ చెప్పేరు! ఈ ట్రాక్టర్లు ఎవరివో చూసేవా? ఎవరు రమ్మన్నారు వీళ్ళని?”

“నేనే రమ్మన్నాను.”

ఆడవాళ్ళ కేకలు ఒక్కసారి ఆగిపోయాయి.

“ఈ నీళ్ళు తాగే మనోళ్ళు పోయేరు,” అన్నాడు మత్తయి. “ఇంకా ఎంతమందిని తాగమంటావే? మీకు సీసాలు కావాలి, మ్యాపులు కావాలి. నాకు ఈ చెరువు కంటికి కనబడకూడదు.”

“అయితే ప్లాంటు బళ్ళే దొరికేయా నీకు?”

మత్తయి పక్కకి తిరిగి ఉమ్మేసి, డ్రైవరు వైపు చూశాడు.

మెర్సీ ఆయన మొహంలో నిజం ఎక్కడుందో వెతికింది. దుఃఖమా, భయమా, ఇంకేమైనానా? కనబడలేదు. వెతికే ఓపిక కూడా లేదు. చేతిసంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి, ఉన్న నీళ్ళు ఒంపేసింది. చెప్పులు విడిచేసి, ఇసుక దిబ్బ పక్కగా, తూము నోటి దగ్గరికి నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా, తర్వాత నడుము దాకా. నురగ కట్టిన ఆ నీళ్ళు చల్లగా, జిడ్డుగా చుట్టుకున్నాయి. ఒక్క సీసా. ఒక్క సీసా చాలు.

“ఉండమ్మాయ్, నేనూ వస్తన్నాను!” అచ్చాయమ్మ చీర ఎగ్గట్టి ఆమె వెనకే దిగింది.

సరిగ్గా వాళ్ళ తలల మీదికి ట్రాక్టర్ తొట్టి సగం లేచి ఉంది. అంచు నుంచి ఇసుక సన్నగా జారి మెర్సీ భుజం మీద పడింది. డ్రైవరు బెదిరిపోయి ఇంజన్ తగ్గించాడు.

“మనుషులున్నారండి కింద! ఏం చెయ్యమంటారండి?”

మత్తయి నీళ్ళలో ఉన్న మేనకోడలి వైపు చూశాడు. ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

“పొయ్యరా,” అన్నాడు.